క్లోమం పరీక్షలు: రక్తం చెప్పేది, మూత్రం చెప్పేది

డాక్టరు చీటీల్లో పాంక్రియాస్ అని కనిపించే క్లోమం, జీర్ణాశయం వెనక వెన్నెముకకు అడ్డంగా ఉండే గ్రంథి. పొడవు 15 సెంటీమీటర్ల దాకా, బరువు సాధారణంగా వంద గ్రాముల లోపు. కడుపు మీద చెయ్యి వేసి నొక్కితే కాలేయం అంచు తగలవచ్చు, ఉబ్బిన ప్లీహం తగలవచ్చు. క్లోమం మాత్రం మామూలుగా చేతికి అందదు. స్కానింగులు రాకముందు దాని బాగోగులు తెలుసుకోవడానికి వైద్యులు ప్రధానంగా రక్తం మీద, మూత్రం మీద ఆధారపడ్డారు. స్కానింగులు వచ్చాక కూడా ఆ అవసరం తీరలేదు. స్కాను గ్రంథి ఆకారాన్ని చూపిస్తుంది గానీ, అది ఏ మేరకు పనిచేస్తోందో చెప్పదు.

రక్త పరీక్ష మంచిదా, మూత్ర పరీక్ష మంచిదా అని అడిగితే ఒక్క ముక్కలో జవాబు దొరకదు. కొలిచే పదార్థాన్ని బట్టి జవాబు మారుతుంది. రక్తానికీ మూత్రానికీ మధ్య కిడ్నీ ఉంది. క్లోమం సంగతి చెప్పే పదార్థాలన్నిటినీ అది ఒకేలా చూడదు. అమైలేజ్‌ను కొంత బయటికి వదులుతుంది. లైపేజ్‌ను వడగట్టినా మళ్లీ లోపలికే లాక్కుని విడగొట్టేస్తుంది. చక్కెరను ఒక హద్దు దాకా పోనివ్వదు. ఇన్సులిన్‌కు తోడుగా పుట్టే సి-పెప్టైడ్‌లో కొంత భాగాన్ని చెక్కుచెదరకుండా పంపేస్తుంది. కాబట్టి మూత్రం రిపోర్టు చదివేటప్పుడు క్లోమంతో పాటు కిడ్నీని కూడా చదువుతున్నామని గుర్తుంచుకోవాలి.

రెండు పనులు

క్లోమం ఒళ్లంతా దాదాపుగా జీర్ణరసం తయారుచేసే కణాలే. అవి రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల రసాన్ని చిన్నపేగులోకి పంపుతాయి. పిండి పదార్థాన్ని విడగొట్టే అమైలేజ్, కొవ్వును విడగొట్టే లైపేజ్, మాంసకృత్తులను విడగొట్టే ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ ఆ రసంలో ఉంటాయి. జీర్ణాశయం నుంచి వచ్చే ఆమ్లాన్ని చల్లార్చే బైకార్బనేటు కూడా అందులోదే. ట్రిప్సిన్ మొదట ట్రిప్సినోజెన్ అనే నిద్రాణ రూపంలో తయారై, పేగులోకి వచ్చాక మేల్కొంటుంది. గ్రంథి లోపలే మేల్కొంటే గ్రంథినే అరిగిస్తుంది. క్లోమశోథ, అంటే డాక్టర్లు పాంక్రియాటైటిస్ అనే జబ్బు, చాలావరకు అలా మొదలయ్యేదే.

ఈ కణాల మధ్య అక్కడక్కడా చిన్న గుంపులుగా ఇంకో రకం కణాలున్నాయి. జర్మన్ వైద్య విద్యార్థి పాల్ లాంగర్‌హాన్స్ 1869లో తన సిద్ధాంత వ్యాసంలో వాటిని మొదటిసారి వర్ణించాడు. అవి ఏం చేస్తాయో అతనికి తెలియదు. బరువులో గ్రంథి మొత్తానికి ఒకటి రెండు శాతమే అయినా, ఇన్సులిన్ పుట్టేది దీవుల్లాంటి ఆ గుంపుల్లోనే. జీర్ణరసం పని తప్పితే తిన్నది ఒంటబట్టదు. ఇన్సులిన్ పని తప్పితే షుగరు వస్తుంది. రెండూ ఒకే గ్రంథిలో ఉన్నా ఒకదాని పరీక్ష రెండోదాని గురించి ఏమీ చెప్పదు. లైపేజ్ మామూలుగా ఉందని షుగరు లేదనుకోవడం, షుగరు లేదని జీర్ణశక్తి బాగుందనుకోవడం రెండూ తప్పే.

గాయమా, పనితీరా?

ఇక్కడే ఒక పెద్ద అపోహను సరిచేయాలి. ల్యాబుల ప్యాకేజీల్లో క్లోమం పనితీరు పరీక్షలు అన్న పేరు కింద అమైలేజ్, లైపేజ్ ఉంటాయి. నిజానికి అవి పనితీరును కొలవవు. ఈ ఎంజైములు చేరవలసింది పేగులోకి. రక్తంలో ఉండేది చాలా కొద్ది. గ్రంథి గాయపడినప్పుడు కణాల నుంచి అవి రక్తంలోకి చిందుతాయి. కాబట్టి రక్తంలో లైపేజ్ పెరిగిందంటే గ్రంథికి దెబ్బ తగిలిందని అర్థం, బాగా పనిచేస్తోందని కాదు.

ఏళ్ల తరబడి క్లోమశోథతో బాధపడి గ్రంథి గట్టిపడిపోయిన రోగిలో చిందడానికి కూడా ఎంజైములు మిగలవు. నొప్పితో మెలికలు తిరుగుతున్నా అతని లైపేజ్ మామూలుగా ఉండవచ్చు, తక్కువగానూ ఉండవచ్చు. రిపోర్టు బాగానే ఉంది కదా అని అలాంటి మనిషిని ఇంటికి పంపడం కంటే పెద్ద అన్యాయం ఈ రంగంలో లేదు.

పుట్టిన పిల్లల్లో సిస్టిక్ ఫైబ్రోసిస్ కోసం చేసే పరీక్ష ఈ తేడాను స్పష్టంగా చూపిస్తుంది. న్యూజిలాండ్ పరిశోధకులు 1979లో ప్రకటించిన ఆ పద్ధతిలో శిశువు మడమ నుంచి తీసిన రక్తపు చుక్కను కాగితం మీద ఆరబెట్టి, అందులో ట్రిప్సినోజెన్ కొలుస్తారు. ఈ జబ్బున్న శిశువులో క్లోమనాళాలు చిక్కటి రసంతో పూడుకుపోయి ఎంజైము వెనక్కి రక్తంలోకి తంతుంది, అందుకే అంకె ఎక్కువగా వస్తుంది. అదే బిడ్డ పెరిగి గ్రంథి పూర్తిగా పాడయ్యాక అదే అంకె అట్టడుగుకు పడిపోతుంది. జబ్బు ఒకటే, మనిషీ ఒకరే, రక్తంలో మాత్రం రెండు విరుద్ధమైన ఫలితాలు. పెద్దవాళ్లలో రక్తపు ట్రిప్సినోజెన్ మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కంటే తగ్గడం ముదిరిన దీర్ఘకాలిక క్లోమశోథకు గుర్తుగా తీసుకుంటారు. పనితీరుకు కాస్త దగ్గరగా వచ్చే రక్త పరీక్ష ఇదొక్కటే అనవచ్చు. కానీ జబ్బు తొలిదశలో ఇదీ పట్టుకోలేదు.

అమైలేజ్

క్లోమం ఎంజైముల్లో మొదట కొలవగలిగింది అమైలేజ్‌నే, అదీ మూత్రంలో. 1908లో జర్మన్ శాస్త్రవేత్త జూలియస్ వోల్‌గెముత్ పిండిపదార్థాన్ని ఈ ఎంజైము ఎంతవరకు విడగొడుతుందో చూసి దాని పరిమాణం లెక్కగట్టే పద్ధతి ఇచ్చాడు. పిండి మిగిలి ఉంటే అయోడిన్ వేసినప్పుడు నీలం రంగు వస్తుంది. ఎంజైము ఎక్కువ ఉంటే పిండి అయిపోయి నీలం రాదు. చాలా కాలం మూత్రంలో డయాస్టేస్ పరీక్ష అన్న పేరుతో ఆసుపత్రుల్లో ఇదే నడిచింది. 1929లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఎల్మన్, ఆర్నెసన్, గ్రాహం అనే ముగ్గురు వైద్యులు క్లోమశోథ రోగుల రక్తంలో అమైలేజ్ పెరుగుతుందని చూపించాక మొగ్గు రక్తం వైపు తిరిగింది. 1938లో అదే ఊళ్లో మైకేల్ సొమోజీ పద్ధతిని మెరుగుపరిచాడు. పాత వైద్యులు ఇప్పటికీ తలుచుకునే సొమోజీ యూనిట్లు ఆయన పేరు మీదివే.

తీవ్రమైన క్లోమశోథ మొదలైన 6 నుంచి 12 గంటల్లో రక్తంలో అమైలేజ్ పెరుగుతుంది. శరీరం దాన్ని వేగంగా వదిలించుకుంటుంది కాబట్టి మూడు నుంచి ఐదు రోజుల్లో మళ్లీ మామూలుకు వస్తుంది. నొప్పి మొదలైన నాలుగో రోజున ఆసుపత్రికి వచ్చిన రోగిలో ఈ పరీక్ష చేతులెత్తేయవచ్చు. మూత్రంలో అయితే పెరిగిన అంకె ఏడు నుంచి పది రోజుల దాకా నిలుస్తుంది. మూత్రానికున్న సహజ లాభం ఇదే. రక్తం ఆ క్షణాన్ని చెబుతుంది. మూత్రం గడిచిన కొన్ని గంటల మొత్తాన్ని చెబుతుంది.

ఇంకో సందర్భంలో కూడా మూత్రం ఆదుకుంటుంది. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు డెసిలీటరుకు వెయ్యి మిల్లీగ్రాములు దాటితే దానివల్లే క్లోమశోథ రావచ్చు. అలాంటి రోగి రక్తాన్ని నాళికలో కాసేపు నిలబెడితే సీరం పాల రంగులో కనిపిస్తుంది. ఆ కొవ్వు పరీక్షకు అడ్డుపడి అమైలేజ్ అంకెను దొంగతనంగా తగ్గించి చూపుతుంది. సీరాన్ని పలుచన చేసి మళ్లీ కొలిస్తే అసలు అంకె బయటపడుతుంది. మూత్రంలో ఆ కొవ్వు ఉండదు కాబట్టి అక్కడ అమైలేజ్ ఎక్కువగానే కనిపించవచ్చు.

అయితే అమైలేజ్‌తో పెద్ద చిక్కు, అది క్లోమానికి మాత్రమే సొంతం కాకపోవడం. లాలాజల గ్రంథులు కూడా దాన్ని తయారుచేస్తాయి. గవదబిళ్లలు వచ్చిన పిల్లవాడికి క్లోమం నిక్షేపంగా ఉన్నా అమైలేజ్ ఎగబాకుతుంది. పేగుకు చిల్లు పడినా, గర్భం గర్భాశయం బయట నిలిచినా, షుగరు ముదిరి కీటోఅసిడోసిస్ వచ్చినా పెరగవచ్చు. పైగా రక్తంలోని అమైలేజ్‌లో సుమారు నాలుగో వంతు కిడ్నీ ద్వారానే పోతుంది. కిడ్నీ చెడితే రక్తంలో అది పేరుకుంటుంది, మూత్రంలో తగ్గుతుంది. రెండు రిపోర్టులూ రెండు వైపులా లాగుతాయి.

కొందరిలో అమైలేజ్ అణువులు రక్తంలోని ప్రతిరక్షకాలతో ముడిపడి పెద్ద ముద్దలవుతాయి. దీన్ని మాక్రో అమైలేజ్ అంటారు. ఆ ముద్దలు కిడ్నీ జల్లెడలో దూరవు. నొప్పి లేదు, జబ్బు లేదు, ఏ హెల్త్ చెకప్‌లోనో రక్తంలో అమైలేజ్ ఎక్కువని తేలుతుంది. ఎన్నాళ్ల తరువాత చూసినా అదే అంకె. దాంతో మనిషి స్కాను వెనక స్కాను తీయించుకుంటూ తిరుగుతాడు. తోడుగా మూత్రం కూడా పరీక్షిస్తే విషయం తేలిపోతుంది. రక్తంలో ఎక్కువ ఉండి మూత్రంలో తక్కువ ఉంటే అడ్డుపడుతోంది అణువు పరిమాణమే.

దీన్ని లెక్కలో పెట్టడానికి ఒక సూత్రం ఉంది. ఒకే సమయంలో తీసిన రక్తం, మూత్రం రెండింటిలోనూ అమైలేజ్‌నూ, కిడ్నీ వడగట్టే క్రియాటినిన్ అనే వ్యర్థాన్నీ కొలుస్తారు. మూత్రంలోని అమైలేజ్‌ను రక్తంలోని అమైలేజ్‌తో భాగించి, దాన్ని రక్తంలోని క్రియాటినిన్‌తో హెచ్చవేసి, మూత్రంలోని క్రియాటినిన్‌తో భాగించి, వందతో హెచ్చవేయాలి. ఆరోగ్యవంతుల్లో ఇది ఒకటి నుంచి నాలుగు శాతం ఉంటుంది. మాక్రో అమైలేజ్ ఉన్నవారిలో ఒక శాతం కన్నా తక్కువకు పడుతుంది. 1970ల్లో ఈ నిష్పత్తి ఐదు శాతం దాటితే క్లోమశోథ ఖాయమని చాలామంది నమ్మారు. కాలిన గాయాల్లోనూ కీటోఅసిడోసిస్‌లోనూ అది పెరుగుతుందని తెలిశాక ఆ నమ్మకం సడలింది. ఇప్పుడు ఆ లెక్క ముఖ్యంగా మాక్రో అమైలేజ్‌ను పట్టుకోవడానికే మిగిలింది. ఆ పనికి మాత్రం దానికి సాటి తేలికైన పరీక్ష లేదు.

మూత్రపు అమైలేజ్ నిజంగా వెలిగిన చోటు ఇంకొకటుంది. క్లోమం మార్పిడి మొదటిసారి 1966లో అమెరికాలోని మిన్నెసోటాలో జరిగింది. ఆ తరువాత 1980ల్లో శస్త్రవైద్యులు దాత క్లోమపు రసాన్ని రోగి మూత్రాశయంలోకి పారించే పద్ధతి పట్టారు. దాంతో కొత్త గ్రంథి రసం నేరుగా మూత్రంలో కలిసేది. మూత్రంలో అమైలేజ్ ఉన్నట్టుండి తగ్గితే శరీరం ఆ గ్రంథిని తిరస్కరిస్తోందని ముందే తెలిసేది, షుగరు పెరగడానికి రోజుల ముందే మందులు మార్చేవారు. ఇక్కడ కిడ్నీ ప్రమేయమే లేదు కాబట్టి మూత్రపు అంకె అక్షరాలా పనితీరు కొలతే. మూత్రాశయంలో పుండ్లు, బైకార్బనేటు నష్టం వంటి బాధల వల్ల తరువాత చాలాచోట్ల రసాన్ని పేగులోకే కలపడం మొదలుపెట్టారు. దాంతో ఆ పరీక్షకు పని తగ్గింది.

లైపేజ్

1932లో చెర్రీ, క్రాండాల్ అనే పరిశోధకులు కుక్కల క్లోమానికి గాయమైనప్పుడు రక్తంలో లైపేజ్ కనిపిస్తుందని చూపించారు. వారి పద్ధతిలో ఆలివ్ నూనెను సీరంతో కలిపి 24 గంటలు ఉంచాలి. కడుపునొప్పితో విలవిల్లాడే రోగికి మర్నాడు వచ్చే ఫలితం దేనికి? అందుకే లైపేజ్ దశాబ్దాల పాటు వెనకబడింది. నిమిషాల్లో ఫలితమిచ్చే పద్ధతులు, ఎంజైముకు తోడ్పడే కోలైపేజ్‌ను కలిపిన ద్రావణాలు వచ్చాక అది అమైలేజ్‌ను దాటిపోయింది.

ఇది నొప్పి మొదలైన నాలుగు నుంచి ఎనిమిది గంటల్లో పెరిగి, ఒక రోజులో శిఖరానికి చేరి, ఎనిమిది నుంచి పద్నాలుగు రోజులు నిలుస్తుంది. లాలాజల గ్రంథుల గొడవ దీనికి లేదు. ఆలస్యంగా వచ్చిన రోగిలో మూత్రపు అమైలేజ్ చేసే సాయమంతా రక్తపు లైపేజ్ ఒక్కటే చేసేయడంతో ఆ పాత పరీక్ష అవసరం చాలావరకు తీరింది. ప్రపంచమంతా పాటిస్తున్న 2012 నాటి సవరించిన అట్లాంటా వర్గీకరణ ప్రకారం తీవ్ర క్లోమశోథ నిర్ధారణకు మూడింటిలో రెండు కావాలి: క్లోమం నొప్పికి తగిన లక్షణాలు, మామూలు గరిష్ఠ హద్దుకు కనీసం మూడు రెట్ల అమైలేజ్ లేదా లైపేజ్, స్కానులో ఆనవాళ్లు. ఇందులో మూత్ర పరీక్ష ఊసు లేదు. అంకె ఎన్ని రెట్లు పెరిగితే జబ్బు అంత తీవ్రమని కూడా అనుకోకూడదు. లైపేజ్ వేలల్లో ఉన్న మనిషి మూడు రోజుల్లో లేచి ఇంటికి వెళ్లవచ్చు, వందల్లో ఉన్న మనిషి ఐసీయూ పాలు కావచ్చు. రోజూ లైపేజ్ పరీక్ష రాయించుకుని తగ్గుతోందా అని చూడటం డబ్బు దండగ.

మూత్రంలో లైపేజ్ ఎందుకు కొలవరు అంటే, కొలవడానికి అక్కడ ఏమీ మిగలదు కాబట్టి. కిడ్నీ వడపోతలో అది దిగుతుంది, కానీ గొట్టాల కణాలు దాన్ని పూర్తిగా వెనక్కి పీల్చుకుని నాశనం చేస్తాయి.

అయిదు నిమిషాల పట్టీ

మూత్రం వైపు నుంచి వచ్చిన పరీక్షల్లో నాకు అన్నిటికన్నా ఆశాజనకంగా కనిపించేది ట్రిప్సినోజెన్-2 పట్టీ. ట్రిప్సినోజెన్‌లో ప్రధానమైన రకాలు రెండు. మొదటి రకాన్ని కిడ్నీ బాగానే వెనక్కి పీల్చుకుంటుంది, రెండో రకాన్ని అంత బాగా పీల్చుకోలేదు. క్లోమశోథలో ఆ రెండో రకం మూత్రంలోకి దండిగా దిగుతుంది. ఫిన్లాండ్‌లోని హెల్సింకీ పరిశోధకులు దీన్ని గమనించి, గర్భ నిర్ధారణ పట్టీలాంటి పట్టీని తయారుచేశారు. కొన మూత్రంలో ముంచితే, లీటరుకు 50 మైక్రోగ్రాములు దాటినప్పుడు అయిదు నిమిషాల్లో రెండో గీత పడుతుంది.

1997లో వారు ప్రచురించిన అధ్యయనంలో కడుపునొప్పితో ఎమర్జెన్సీకి వచ్చిన 500 మందికి వరసగా ఈ పరీక్ష చేశారు. 53 మందికి క్లోమశోథ ఉన్నట్టు తేలింది, వారిలో 50 మందిని పట్టీ పట్టుకుంది. గీత పడకపోతే క్లోమశోథ లేదని 99 శాతం ధీమాగా చెప్పగలిగారు. ఈ చివరి అంకే అసలు విలువైనది. రక్తం తీసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, యంత్రంలో పెట్టే వసతి లేని చోట కూడా ఈ నొప్పి క్లోమానిదా కాదా అన్న మొదటి ప్రశ్నకు జవాబు దొరుకుతుందన్నమాట. ఏజెన్సీ ప్రాంతపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రాత్రి డ్యూటీలో ఉన్న నర్సుకు అలాంటి పట్టీ ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. అయినా మన దగ్గర అది వాడుకలోకి రాలేదు. పెద్ద ఆసుపత్రుల్లో లైపేజ్ గంటలోపే వస్తుండటంతో కొత్త పట్టీ కొనాలన్న తొందర వారికి లేదు, తొందర ఉన్న చిన్న కేంద్రాలకు అది చేరలేదు.

ట్రిప్సినోజెన్ మేల్కొనేటప్పుడు దాని మొదటి కొస నుంచి ఒక చిన్న ముక్క తెగిపోతుంది. గ్రంథి తనను తాను అరిగించుకోవడం మొదలుపెట్టిందనడానికి ఆ ముక్క సూటి సాక్ష్యం. చిన్నది కాబట్టి ఇట్టే మూత్రంలోకి దిగుతుంది. జబ్బు తీవ్రతను మొదటి రోజే అంచనా వేయడానికి 1990ల్లో దీన్ని పరీక్షించారు, ఫలితాలు బాగానే వచ్చాయి. కానీ నిత్య వాడుకలో నిలిచింది రక్తంలోని మామూలు అంకెలే: రెండో రోజు చివర వాపును తెలిపే సీఆర్‌పీ లీటరుకు 150 మిల్లీగ్రాములు దాటిందా, యూరియా పెరుగుతోందా, క్రియాటినిన్ ఎలా ఉంది అన్నవి. అవి ప్రతి ల్యాబులోనూ దొరుకుతాయి, ధర తక్కువ.

మింగించి మూత్రం చూడటం

జీర్ణశక్తిని కొలవాలంటే ఎంజైము పేగులో పని చేస్తోందా అని చూడాలి. దానికి తెలివైన దారి ఒకటి కనిపెట్టారు. క్లోమపు ఎంజైము మాత్రమే తెంచగల ఒక రసాయనాన్ని రోగి చేత మింగించాలి. అది తెగితే విడుదలయ్యే ముక్క పేగులోంచి రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి వస్తుంది. మూత్రంలో ఎంత ముక్క దొరికితే క్లోమం అంత పనిచేసినట్టు.

బెంటిరమైడ్ పరీక్ష అలాంటిది. కైమోట్రిప్సిన్ దాన్ని తెంచితే పాబా అనే పదార్థం వస్తుంది. ఆరు గంటల మూత్రంలో సగానికి పైగా తిరిగి దొరికితే బాగున్నట్టు లెక్క. రెండోది పాంక్రియోలారిల్ పరీక్ష. ఇందులో మెరిసే రంగు పదార్థాన్ని కొవ్వు ఆమ్లంతో ముడివేసి, వెన్న పూసిన రొట్టెతో పాటు ఇస్తారు. పది గంటల మూత్రం పడతారు. తరువాత మరో రోజు ముడి లేని రంగునే ఇచ్చి మళ్లీ పది గంటలు పడతారు. రెండు రోజుల అంకెల నిష్పత్తి 30 శాతం దాటితే మామూలు, 20 కన్నా తగ్గితే లోపం. రెండో రోజు పెట్టింది ఊరికే కాదు. రోగి పేగూ కాలేయమూ కిడ్నీ ఎలా ఉన్నా, అదే మనిషితో అతన్నే పోల్చడం వల్ల వాటి ప్రభావం చాలావరకు కొట్టుకుపోతుంది. మూత్ర పరీక్షలన్నిటినీ వేధించే కిడ్నీ సమస్యకు ఇంత చక్కటి విరుగుడు ఇంకో పరీక్షలో లేదు.

అయినా ఈ పరీక్షలు నిలబడలేదు. పది గంటల మూత్రాన్ని ఒక్క చుక్క పోకుండా పట్టడం ముసలివారికీ పసివారికీ కష్టం. పారాసిటమాల్, సల్ఫా మందుల వంటివి పాబా కొలతను చెడగొట్టేవి. ఆ చిక్కు తప్పించడానికి పాబానూ రంగునూ రక్తంలోనే కొలిచే పద్ధతులు కూడా వచ్చాయి. లోపం బాగా ముదిరితే తప్ప రెండు పద్ధతులూ పట్టుకోలేకపోయాయి. బెంటిరమైడ్ 1990ల్లో అమెరికా మార్కెట్లోంచి తప్పుకుంది.

ఇప్పుడు ఆ పని చేస్తున్నది రక్తమూ కాదు, మూత్రమూ కాదు, మలం. ఎలాస్టేజ్ అనే క్లోమపు ఎంజైము పేగులో అరగకుండా బయటికొస్తుంది. గ్రాము మలంలో 200 మైక్రోగ్రాములకు తగ్గితే లోపం, 100కు తగ్గితే తీవ్ర లోపం. నీళ్ల విరేచనాలప్పుడు తీసిన నమూనాలో పలుచనై తప్పుగా తక్కువ చూపిస్తుంది కాబట్టి గట్టి మలాన్నే ఇవ్వాలి. క్లోమంలో అవసరానికి మించిన జీర్ణశక్తి చాలా ఉంటుంది. లైపేజ్ ఉత్పత్తి పదో వంతుకు పడిపోయేదాకా మలంలో కొవ్వు కనిపించదు. జిడ్డుగా, నీటి మీద తేలే దుర్వాసన మలం వస్తోందంటే అప్పటికే గ్రంథి చాలావరకు పోయిందని అర్థం.

షుగరు

క్లోమానికీ షుగరుకూ ఉన్న సంబంధం మూత్రం ద్వారానే బయటపడింది. 1776లో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో వైద్యుడు మాథ్యూ డాబ్సన్ షుగరు రోగి మూత్రాన్ని ఇగరబెట్టి మిగిలింది చక్కెరేనని చూపాడు. రోగి రక్తపు సీరం కూడా తియ్యగా ఉందని రాశాడు. ఈ జబ్బులో రక్తాన్నీ మూత్రాన్నీ పక్కపక్కన పెట్టి చూసిన తొలివారిలో ఆయనొకడు. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మెరింగ్ ఒక కుక్క క్లోమాన్ని తీసేశారు. అది పదేపదే మూత్రం పోయసాగింది. ఆ మూత్రాన్ని పరీక్షిస్తే చక్కెర దొరికింది.

1908-09లో స్టాన్లీ బెనెడిక్ట్ ఇచ్చిన నీలి ద్రావణం అర శతాబ్దం పైగా షుగరు రోగుల ఇళ్లలో ఉంది. పరీక్షనాళికలో అయిదు మిల్లీలీటర్ల ద్రావణం పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి, స్పిరిట్ దీపం మీద రెండు నిమిషాలు మరగబెట్టాలి. నీలంగానే ఉంటే చక్కెర లేదు. ఆకుపచ్చకు తిరిగితే కొద్దిగా ఉంది. పసుపు, నారింజ, చివరకు ఇటుక రంగు వస్తే బాగా ఉందని అర్థం. 1941లో బిళ్ల రూపంలో క్లినిటెస్ట్, 1956లో ముంచే పట్టీ క్లినిస్టిక్స్ వచ్చాక దీపం అవసరం తప్పింది.

ఈ రంగులన్నీ చూపించేది చక్కెర కిడ్నీ హద్దు దాటిందా లేదా అన్నదే. చెరువు నిండితేనే అలుగు పారినట్టు, రక్తంలో చక్కెర డెసిలీటరుకు దాదాపు 180 మిల్లీగ్రాములు దాటితేనే మూత్రంలోకి దిగుతుంది. 170 ఉన్న మనిషి మూత్రం శుభ్రంగా ఉంటుంది, 60 ఉన్న మనిషి మూత్రమూ అంతే శుభ్రంగా ఉంటుంది. మొదటివాడికి షుగరు ఎక్కువ, రెండోవాడు కళ్లు తిరిగి పడిపోయే స్థితిలో ఉన్నాడు. మూత్రం ఇద్దరికీ ఒకటే జవాబిస్తుంది. వయసు మీరిన షుగరు రోగుల్లో ఈ హద్దు పెరుగుతుంది, గర్భిణుల్లో తగ్గుతుంది, కొన్ని కుటుంబాల్లో పుట్టుకతోనే తక్కువ.

ఇటీవల దీనికి మరో మలుపు వచ్చింది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు కిడ్నీ చక్కెరను వెనక్కి లాక్కోకుండా ఆపి, కావాలనే మూత్రంలోకి పంపుతాయి. అవి వాడుతున్నవారి మూత్రంలో షుగరు ఎప్పుడూ మూడు ప్లస్సులు, నాలుగు ప్లస్సులు ఉంటుంది. అది మందు పనిచేస్తోందనడానికి గుర్తు. ఈ సంగతి తెలియక రిపోర్టు చూసి బెంబేలెత్తి మందు మానేసేవారున్నారు. ఆ మాత్రలు రాసే ప్రతి డాక్టరూ ఈ ఒక్క మాట ముందే చెప్పాలి.

అందుకే షుగరు నిర్ధారణ నేడు పూర్తిగా రక్తం మీదే: పరగడుపున 126 మిల్లీగ్రాములు లేదా అంతకు పైన, 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకు 200 లేదా పైన, హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లేదా పైన. రెండు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీకి కూడా బలహీనతలున్నాయి. ఇనుము లోపంతో రక్తహీనత ఉన్నా, సికిల్ సెల్ వంటి హిమోగ్లోబిన్ తేడాలున్నా అది తప్పుదారి పట్టిస్తుంది. సికిల్ సెల్ కనిపించే మన్యం జిల్లాల్లో, రక్తహీనత ఎక్కువగా ఉన్న ఆడవాళ్లలో దీన్నొక్కదాన్నే నమ్మకూడదు. మూత్రానికి షుగరులో ఇంకా మిగిలిన పనులు రెండు: కీటోన్లు చూడటం, కిడ్నీ దెబ్బతింటోందేమో అల్బుమిన్ చూడటం. రెండూ ముఖ్యమే గానీ, క్లోమాన్ని కొలిచేవి కావు.

సి-పెప్టైడ్

క్లోమంలో ఇంకా ఇన్సులిన్ పుడుతోందా అని అడిగితే ఇన్సులిన్‌నే కొలవవచ్చు కదా అనిపిస్తుంది. కానీ ఇంజెక్షను తీసుకుంటున్న రోగి రక్తంలో ఉన్నది సొంతదో కొన్నదో తెలియదు. పైగా క్లోమం నుంచి వచ్చిన ఇన్సులిన్‌లో సగం వరకు కాలేయమే మొదటి మలుపులో పట్టేస్తుంది. 1967లో డొనాల్డ్ స్టైనర్ ఇన్సులిన్ ముందు ప్రోఇన్సులిన్ అనే పెద్ద అణువుగా పుడుతుందని కనుగొన్నాడు. అది తెగినప్పుడు ప్రతి ఇన్సులిన్ అణువుకూ తోడుగా ఒక సి-పెప్టైడ్ అణువు వస్తుంది. కాలేయం దాన్ని ముట్టుకోదు. ఇన్సులిన్ కొద్ది నిమిషాల్లో మాయమైతే ఇది అరగంట దాకా రక్తంలో తిరుగుతుంది. ఇంజెక్షను సీసాల్లో అది ఉండదు. కాబట్టి సొంత ఇన్సులిన్‌కు ఇంతకన్నా నమ్మకమైన జాడ లేదు.

ఇక్కడ మూత్రం మళ్లీ గట్టిగా పోటీకి వచ్చింది. పుట్టిన సి-పెప్టైడ్‌లో అయిదు నుంచి పది శాతం కిడ్నీ ద్వారా అలాగే బయటికి వస్తుంది. రక్తపు నమూనాను మామూలు నాళికలో తీస్తే త్వరగా వేరుచేసి చల్లగా ఉంచాలి, లేకపోతే పెప్టైడ్ పాడవుతుంది. మూత్రాన్ని బోరిక్ ఆమ్లం ఉన్న సీసాలో పోస్తే గది వేడిలోనే మూడు రోజులు నిలుస్తుంది, పోస్టులో కూడా పంపవచ్చు. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు భోజనం చేసిన రెండు గంటలకు పట్టిన ఒక్క నమూనాలో సి-పెప్టైడ్‌ను క్రియాటినిన్‌తో భాగించి, అది రక్తపు కొలతకు దీటుగా నిలుస్తుందని చూపారు. క్రియాటినిన్‌తో భాగించడం ఎందుకంటే, ఎన్ని నీళ్లు తాగినా మూత్రం పలుచన అయిన లెక్క సరిపోతుంది. రక్తంలో లీటరుకు 200 పికోమోల్స్ కన్నా తక్కువ, మూత్రంలో మిల్లీమోల్ క్రియాటినిన్‌కు 0.2 నానోమోల్ కన్నా తక్కువ ఉంటే సొంత ఇన్సులిన్ దాదాపు లేనట్టే. కిడ్నీ బాగా చెడినవారిలో మాత్రం మూత్రం లెక్క పనికిరాదు, అప్పుడు రక్తమే దిక్కు. సూది అంటే ఏడ్చే పిల్లల విషయంలో మూత్రపు పద్ధతి ఎంతో దయగలది.

దక్షిణ భారతంలో రాళ్ల క్లోమం

సి-పెప్టైడ్‌కు మన ప్రాంతంలో ప్రత్యేకమైన పని ఉంది. మద్యం ముట్టని, బక్కపలచని యువతీయువకుల్లో చిన్నప్పటి నుంచి కడుపునొప్పి, క్లోమనాళంలో రాళ్లు, తరువాత షుగరు వచ్చే జబ్బు ఉష్ణదేశాల్లో కనిపిస్తుంది. 1959లో జుయిడెమా దాన్ని ఇండోనేసియాలో వర్ణించాడు. కేరళలో పి.జె. గీవర్గీస్ ఎందరో రోగులను చూసి దాని గురించి విస్తారంగా రాశారు. కర్రపెండలం తినడం వల్ల వస్తుందని చాలాకాలం అనుమానించారు. 2002లో హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధకులు, ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు కలిసి చేసిన అధ్యయనంలో ట్రిప్సిన్‌ను అదుపులో ఉంచే స్పింక్1 జన్యువులోని మార్పులకు ఈ జబ్బుతో గట్టి సంబంధం ఉందని తేలింది.

ఈ రోగుల్లో క్లోమం రెండు పనులూ చెడతాయి. ఇన్సులిన్ తగ్గుతుంది గానీ పూర్తిగా పోకపోవడం వల్ల షుగరు ఎంత ఎక్కువున్నా కీటోఅసిడోసిస్ అరుదు. సి-పెప్టైడ్ కొలిస్తే తక్కువగా, కానీ టైప్-1లో లాగా సున్నాకు దగ్గరగా కాకుండా ఉంటుంది. మలంలో ఎలాస్టేజ్ అడుగంటుతుంది. లైపేజ్ చాలాసార్లు మామూలే. టైప్-1 అనుకుని ఇన్సులిన్ మాత్రమే ఇస్తూ, జీర్ణ ఎంజైము మాత్రలు ఇవ్వకపోతే ఆ రోగి బరువు పెరగదు. పక్కా నిర్ధారణకు ఎక్స్‌రేలోనో స్కానులోనో రాళ్లు కనిపించాలి; ఏ రక్తమూ ఏ మూత్రమూ రాళ్ల సంగతి చెప్పలేవు.

క్యాన్సరు విషయంలో

క్లోమపు క్యాన్సరుకు వాడే సీఏ 19-9 రక్త పరీక్ష పనితీరు పరీక్ష కాదు, అయినా అదే ప్యాకేజీల్లో కలిపి అమ్ముతుంటారు. మిల్లీలీటరుకు 37 యూనిట్లు దాటితే ఎక్కువ అంటారు. పిత్తనాళం మూసుకుని కామెర్లు వచ్చినా అది పెరుగుతుంది. లూయిస్ రక్తవర్గపు పదార్థం లేనివారిలో, అంటే జనంలో సుమారు అయిదు నుంచి పది శాతం మందిలో, క్యాన్సరు ఎంత ముదిరినా అది పెరగదు. ఏ లక్షణమూ లేని మనిషికి ముందుజాగ్రత్త అంటూ ఈ పరీక్ష చేయించడం భయాన్ని కొనడమే. క్యాన్సరు నిర్ధారణై చికిత్స పొందుతున్నవారిలో జబ్బు తగ్గుతోందా అని చూడటానికి మాత్రం బాగా పనికొస్తుంది.

మూత్రం వైపు నుంచి ఇక్కడా ఒక ప్రయత్నం నడుస్తోంది. లండన్‌లోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో మూత్రంలోని మూడు ప్రోటీన్లను కలిపి చూస్తే తొలిదశ క్లోమపు క్యాన్సరును గుర్తించే వీలుందని ప్రచురించారు. మూత్రంలో ప్రోటీన్ల కలగాపులగం రక్తంలో కన్నా తక్కువగా ఉండటం, ఎంత కావాలంటే అంత నమూనా సూది లేకుండా దొరకడం వారికి కలిసొచ్చిన అంశాలు. ఆ మూడింటిలో ఒకదాన్ని తరువాత మార్చి, రోగి వయసునూ మూత్రపు క్రియాటినిన్‌నూ లెక్కలోకి తీసుకునే గణన పద్ధతిని జోడించారు.